మూయని మూత

ఆదివారం పూజ ముగిసి చర్చి గంటలు సద్దుమణిగేలోపే పాతకాపుల బల్ల నిండిపోతుంది. పొయ్యి పక్కన, గోడ బెంచీకి ఆనించి వేసిన గుండ్రటి బల్ల అది. కొత్తవాళ్లు పొరపాటున అటు నడిస్తే జెంజి నోరు తెరవక్కర్లేదు. చేతిలో పళ్లెంతో దారికి అడ్డంగా నిలబడితే చాలు, వాళ్లే కిటికీ వైపు తిరుగుతారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ హోటల్లో వడ్డిస్తున్న మనిషి ఆమె. రెండు చేతులకీ కలిపి పది బీరు ముంతలు పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుని, చుక్క ఒలక్కుండా వస్తుంది. యాభై ఎనిమిదేళ్లు నిండినా ఆ పని ఇంకొకరికి అప్పజెప్పలేదు.

ఆ బల్లకు ఏడుగురు మగవాళ్లు. గోడకున్న చెక్క అరలో వాళ్ల సొంత ముంతలు ఏడు. బూడిదరంగు కాల్చిన మట్టివి, పిడికి కీలుతో బిగించిన తగరపు మూతలవి, ప్రతి మూత మీదా ఒక పేరు. ఊళ్లో సగం ఇళ్లకు పెంకు పరిచిన లోరెంజ్ పోయి ఆరు వారాలైంది కాబట్టి ఇప్పుడు మనుషులు ఆరుగురే, ముంతలు మాత్రం ఏడు.

ఆ బల్ల దగ్గర నోటితో అడిగేది తక్కువ. మూత మూసి ఉంటే ఇక చాలని అర్థం. తెరిచి ఉంటే మళ్లీ నింపమని. ఇంకొకటి కూడా ఉంది, అది ఎవరూ ఎవరికీ నేర్పరు, చూసి నేర్చుకోవాల్సిందే. ఒకడికి ఎక్కువైందని, ఆ సంగతి వాడికే తెలియడం లేదని అనిపిస్తే పక్కనున్నవాడు చెయ్యి చాచి వాడి మూత మూసేస్తాడు. టక్కుమని చిన్న చప్పుడు. మూసినవాడితో ఎవరూ గొడవ పడరు, దాని గురించి తర్వాత మాట్లాడరు. రంపపు మిల్లు మూతపడి కొర్బీనియన్‌కు పని పోయిన ఏడాది లోరెంజ్ అతని మూత ఎన్ని ఆదివారాలు మూశాడో జెంజికే తెలుసు.

ఆ రోజు వేడినీళ్లలో తేలుతున్న తెల్ల సాసేజీల గిన్నెను ఆమె బల్ల మధ్య పెడుతుండగా తలుపు తోసుకుని లోరెంజ్ భార్య వీబ్కె లోపలికి వచ్చింది. నల్ల కోటు, నల్ల టోపీ, రెండు చేతులతో పట్టుకున్న చేతిసంచీ. ఉత్తరాన సముద్రం ఒడ్డు నుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చి నలభై మూడేళ్లైనా ఆవిడ ఊరికి ఇంకా ప్రష్యా ఆవిడే. ఉత్తరాది వాళ్లందరికీ ఇక్కడ ఆ పాత రాజ్యం పేరొక్కటే ఉంది, అసలు ఏ ఊరమ్మా మీది అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆవిడ ఈ గడప తొక్కింది రెండేసార్లు, పెళ్లి విందుకూ మొన్న అంత్యక్రియల భోజనానికీ.

నేరుగా పాతకాపుల బల్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఆరుగురూ నమలడం ఆపారు.

"లోరెంజ్ కూర్చునే చోటు ఇదే కదండీ? ఇవాళ్టికి నేను కూర్చోవచ్చా? ఆయన ముంతతో ఒక బీరు తాగి వెళ్తాను."

ఆ బల్లకు పెద్ద ఇగ్నాజ్. నలభై ఏళ్లు మాంసం కొట్టు నడిపిన మనిషి, కొట్టు అమ్మేసినా గొంతు మాత్రం అమ్ముకోలేదు. ఆడది ఆ బల్ల దగ్గర కూర్చోవడం అతని తండ్రి కాలం నుంచీ లేదు. అలాగని భర్తను పోగొట్టుకున్న మనిషిని పొమ్మనడానికి నోరు రాలేదు. కాసేపు మీసం దువ్వుకుని, కూర్చోండమ్మా, కూర్చుంటే బల్లేమీ అరిగిపోదు కదా అన్నాడు. కొర్బీనియన్ గోడవైపు జరిగి చోటిచ్చాడు.

జెంజి లోరెంజ్ ముంత అరలోంచి తీసి చన్నీళ్లతో కడిగింది. సబ్బు తగిలితే నురగ నిలవదు. పీపా కింద పట్టి నింపుతుంటే ఇగ్నాజ్ చేతులు కడుక్కునే వంకతో లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒసే జెంజీ, ఆవిడకి మూత సంగతి తెలీదు. ఎన్ని లాగిస్తుందో చూద్దామా?"

జెంజి నవ్వింది.

ఆ నవ్వు ఎందుకు నవ్విందో తర్వాత వారమంతా ఆమె తనను తాను అడుగుతూనే ఉంది. ఇగ్నాజ్ చెబితే నవ్వడం ముప్పై ఏళ్ల అలవాటు, అదొకటి. రెండోది అంత తేలిగ్గా ఒప్పుకోగలిగింది కాదు. ఈ బల్ల మీద ఆమె పదివేల ముంతలు పెట్టి ఉంటుంది. కాళ్లు వాచినా, జ్వరం వచ్చినా నిలబడే ఉంది తప్ప ఇక్కడ ఒక్క నిమిషం కూర్చో జెంజీ అన్నవాడు లేడు. ఈ మనిషి ఇవాళ నడిచొచ్చి కూర్చుంది.

వీబ్కె మూత ఎత్తి తాగింది. కాలేయపు ఉండల సూప్ తెప్పించుకుంది గానీ రెండు చెంచాలే నోట్లో పెట్టుకుంది. ముంత ఖాళీ చేసి మూత తెరిచే ఉంచింది. జెంజి తీసుకెళ్లి నింపి తెచ్చింది. ఆవిడ తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, థాంక్సండీ అంది. బల్ల చుట్టూ ఆరుగురూ సాసేజీ తోలు ఒలవడంలో మునిగిపోయారు. రెండోది అయింది, మూత తెరిచే ఉంది. మూడోది తెచ్చేసరికి ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. లోరెంజ్ ఒకసారి చర్చి గోపురం మీద పనిచేస్తుండగా టోపీ గాలికి ఎగిరి ఫాదర్‌గారి పెరట్లో పడిన సంగతి మొదలుపెట్టింది. అది వాళ్లందరికీ తెలిసిన కథే, లోరెంజ్ చెబితే పొట్టలు పట్టుకుని నవ్విన కథే. ఇప్పుడు ఆవిడ చెబుతుంటే ఒకరి మోకాలు ఒకరు పొడుచుకున్నారు. మన యాసలో చెప్పమ్మా, సగం అర్థం కావట్లేదు అన్నాడు ఒకడు. ఆవిడ ఆ యాసలో చెప్పబోయి మధ్యలో తడబడింది. అప్పుడు నవ్వారు.

కొర్బీనియన్ ఆవిడకు ఎడమ పక్కన కూర్చున్నాడు. అతని చెయ్యి బల్ల మీద నుంచి లేచి ఆవిడ ముంత వైపు సగం దూరం వెళ్లడం జెంజి చూసింది. ఇగ్నాజ్ గొంతు సవరించుకున్నాడు. ఆ చెయ్యి పక్కకు తిరిగి ఆవాల ముద్ద గిన్నె అందుకుంది.

నాలుగో ముంత బల్ల మీద పెట్టేటప్పుడు జెంజి ఆవిడ ముఖంలోకి చూడలేదు. ఏప్రన్ కొసతో బల్ల అంచు తుడిచి వెనక్కి తిరిగింది. ఆ నాలుగోది సగం అయ్యాక వీబ్కె లేచింది. లేవగానే కుర్చీ వెనక్కి పడింది, సంచీ తగిలి సూప్ గిన్నె ఒరిగింది, ఆవిడ మోకాళ్ల మీద కూలబడింది. పిల్లాపాపలతో కాల్చిన పంది మాంసం తింటున్న కుటుంబాలు మెడలు తిప్పి చూశాయి. టోపీ దొర్లుకుంటూ పొయ్యి దాకా పోయింది. పాతకాపుల బల్ల మీద పెద్ద నవ్వు లేచి, లేచినంత త్వరగా అణిగింది.

జెంజి ఆవిడ చంకల కింద చేతులు పెట్టి లేపి, టోపీ, సంచీ ఏరి చేతికిచ్చింది. ముందు తలుపు నుంచి కాకుండా వంటింట్లోంచి, ఖాళీ పీపాలు పేర్చిన పెరటి దారిన నడిపించుకుపోయింది. ఆవిడను నలుగురూ చూడకూడదని అలా చేశాననుకుంది. నిజానికి ఆవిడను నడిపిస్తున్న తనను నలుగురూ చూడకూడదని. గేటు దగ్గర వీబ్కె గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. టోపీ తిన్నగా పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించింది.

"నన్ను బాగా చూసుకున్నారండీ," అంది.

ఆ వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గోడలను తడుముకుంటూ వెళ్లడం జెంజి చూస్తూ నిలబడింది. లోపల ఆర్డర్లు చల్లారిపోతున్నాయని వంటింట్లోంచి కేకేసేదాకా కదల్లేదు.

*

సోమవారం హోటల్‌కు సెలవు. జెంజి ఇంట్లో కిటికీ అద్దాలు తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది.

మంగళవారం పొద్దున రొట్టెల కొట్లో ముగ్గురు నిలబడి ఉన్నారు. అమ్మే పిల్ల కాగితం సంచీలో రొట్టె పెడుతూ ఆదివారం సంగతే చెబుతోంది. సూప్ మీద పడిందట, బల్ల కింద దూరిందట, ఏదో పాట కూడా పాడిందట. రెండు రోజుల్లో కథకు కాళ్లూ చేతులూ వచ్చాయి. ప్రష్యా ఆవిడ ఆరు ముంతలు తాగేసిందట పాపం, మొగుడు పోయిన ఆరు వారాలకే, అంది ఒకామె. ఇంకొకామె వెనక్కి తిరిగి జెంజిని చూసి కళ్లు పెద్దవి చేసుకుంది.

"నువ్వేనటగా పోస్తూనే ఉన్నది. భలే దానివే జెంజీ, నీ దగ్గర జాగ్రత్తగా ఉండాలి మేము."

అందులో మెచ్చుకోలే తప్ప ఎత్తిపొడుపు లేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. జెంజికి చెవులు కాలిపోయాయి. నాలుగే, ఆరు కాదు, అంది. తన నోటినుంచి వచ్చింది ఆ ఒక్క మాటేనని బయటికి వచ్చాక తెలిసింది. రొట్టె కొనడం మరిచిపోయింది.

హోటల్లో తొట్టి పక్కన లోరెంజ్ ముంత బోర్లించి ఉంది. ఆదివారం ఆ గందరగోళంలో ఎవరో కడిగి అక్కడ పెట్టారు. యజమానురాలు బుర్గల్ దాన్ని అరలో పెట్టమంది. పోయిన సభ్యుడి ముంత ఇంటివాళ్లకు ఇచ్చెయ్యాలి గదా, ఎప్పుడిద్దామంటారో ఇగ్నాజ్‌ని అడుగు అంది. జెంజి అడగలేదు. ఆ సాయంత్రం పేకాటకు వచ్చిన ఇగ్నాజ్ ఆదివారం తమాషాను రెండు బల్లలకు చెప్పి నవ్వించాడు. కొర్బీనియన్ పేకముక్కలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు, అతని వంతు వచ్చిందని రెండుసార్లు గుర్తు చెయ్యాల్సి వచ్చింది. జెంజి వాళ్ల మధ్య నుంచి గ్లాసులు తీస్తూ, ముంతలు పెడుతూ తిరిగింది. ఒక్కసారి ఇగ్నాజ్ ఆమె చెయ్యి తట్టి, మా జెంజి బంగారం అన్నాడు. సిగ్గుతో ఆమెకు ఆ చేతిని కోసి పారెయ్యాలనిపించింది. తన చేతిని.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం తలుపులు తెరిచేలోపు రెండు గంటలు ఖాళీ. జెంజి ముంతను శుభ్రమైన తువ్వాలులో చుట్టుకుని బయల్దేరింది. దారంతా ఒకటే మాట కూడబలుక్కుంది. మూత తెరిచి ఉంటే పొయ్యాలని మాకు ఆనవాయితీ, మీకు తెలియదని తెలిసీ నేను పోశాను, తప్పైంది. అంతే. చెప్పి వచ్చెయ్యాలి.

*

లోరెంజ్ నిచ్చెనలు ఇంకా చూరు కింద వేలాడుతున్నాయి. వీబ్కె తలుపు తీసి, ఆమె చేతిలో మూట చూసి, పక్కకు జరిగి రమ్మంది. ముఖం కాస్త పాలిపోయి ఉంది, అంతకుమించి ఏమీ తెలియలేదు. కూర్చోండి, టీ పెట్టాను అంది. ఈ ఊళ్లో ఇంటికి వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తారు. ఈవిడది టీ.

పల్చటి చిన్న కప్పులో పటికబెల్లం పలుకు వేసి, పైనుంచి నల్లటి టీ పోసింది. పలుకు చిటచిటమని పగిలింది. పైన ఒక చుక్క మీగడ వదిలి, కలపొద్దని చెప్పింది. జెంజి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోట్లో లేవు. టీ తాగింది. కప్పు కింద పెట్టగానే వీబ్కె మళ్లీ పోసింది. అదీ తాగింది. మూడోది పోస్తూ ఆవిడ చిన్నగా నవ్వింది.

"మూడు కప్పులు మా ఊళ్లో మర్యాద. ఇది అయ్యాక చాలనుకుంటే చెంచా కప్పులో పెట్టండి. బయట ఉంచితే నేను పోస్తూనే ఉంటాను. కొత్తవాళ్లకి ఈ సంగతి ముందే చెప్తాం, లేకపోతే పాపం మొహమాటానికి తాగుతూనే ఉంటారు."

జెంజి చెంచా వైపు చూసింది. పళ్లెంలో కప్పు పక్కన మెరుస్తోంది. దాన్ని అందుకోవడానికి చెయ్యి రాలేదు.

"ఆదివారం సంగతి," అంది. "మా దగ్గర మూత. మూత తెరిచి ఉంటే మళ్లీ పొయ్యమని. మీకు తెలీదని నాకు తెలుసండీ. తెలిసే పోశాను. ఇగ్నాజ్ పొయ్యమన్నాడు, కానీ పోసింది నేను."

చెప్పేసింది. ఇప్పుడు ఆవిడ తిట్టాలి, లేదా ఏడవాలి. తిట్టినా ఏడ్చినా దులిపేసుకుని ఇంటికి పోవచ్చని జెంజి మనసులో ఎక్కడో ఆశ ఉంది. వీబ్కె టీ చల్లారకుండా కూజాకు తొడిగిన గుడ్డ సర్దింది. నెమ్మదిగా కూర్చుంది.

"నాకు తెలుసు," అంది.

జెంజికి అర్థం కాలేదు.

"నలభై మూడేళ్లు ఆయనతో కాపురం చేశాను జెంజీ. ఆదివారం ఇంటికి రాగానే కోటు విప్పకముందే మీ బల్ల కబుర్లన్నీ చెప్పేవాడు. ఎవరెన్ని తాగారు, ఎవరి మూత ఎవరు మూశారు, అన్నీ. కొర్బీనియన్ మూత మూసొచ్చిన రోజు భోజనం సరిగ్గా చేసేవాడు కాదు. మా బల్ల దగ్గర ఎవడూ మునిగిపోడు వీబ్కె, పక్కవాడు చూస్తాడు అనేవాడు. అది చెప్పేటప్పుడు ఆ మొహం చూడాలి నువ్వు."

మీరు అన్న మనిషి నువ్వులోకి దిగింది. అది కోపమో దగ్గరితనమో జెంజికి తెలియలేదు.

"ఆయన పోయాక ఈ ఇంట్లో నేను మునిగిపోతున్నాను. ఇక చాలు లేవే అనే మనిషి లేడు. అందుకే వచ్చాను. ఆయన చోటులో కూర్చుని, ఆయన మూత తెరిచి పెట్టుకుని చూశాను. ఎవరో ఒకరు చెయ్యి చాపుతారనుకున్నా. కొర్బీనియన్ మూస్తాడు, లేకపోతే ఇంకొకరు. రెండోది అయ్యాక అనుకున్నా, ఇంకా నేను బాగానే కనబడుతున్నానేమో అని. మూడోది కూడా తాగాను."

జెంజి బల్ల గుడ్డ అంచును మడిచి విప్పి మళ్లీ మడిచింది.

"నిన్ను కూడా చూశాను. నువ్వు బల్ల మనిషివి కాదు, నిజమే. కానీ ఆడదానివి కదా, నీకు తోస్తుందనుకున్నా. మొదటి మూడుసార్లూ నా మొహంలోకే చూశావు, తోచలేదు కాబోలు అనుకున్నా. నాలుగోసారి చూడలేదు. అప్పుడు తెలిసింది."

జెంజి తప్పైందండీ అంది. ఆ మాట ఎంత చిన్నదో అన్నాకే తెలిసింది. వీబ్కె దాన్ని పుచ్చుకోలేదు, తోసిపుచ్చలేదు. లేచి జెంజి మూడో కప్పు ముట్టనే లేదని చూసి, చెంచా తీసి తనే ఆ కప్పులో పెట్టింది. చాల్లే, చల్లారిపోయింది అంది.

వెళ్లబోతుంటే జెంజి ధైర్యం చేసి, ఈ ఆదివారం వస్తారా, నేను దగ్గరుండి చూసుకుంటాను అని అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తువ్వాలు మూట విప్పి ముంతను చేతిలోకి తీసుకుంది. మూత మీద భర్త పేరును బొటనవేలితో ఒకసారి రాసింది.

"ఇది నాకెందుకు? ఇంట్లో పెడితే పూలకుండీ అవుతుంది. ఆయన అక్కడివాడు, అక్కడే ఉండనీ."

మూత పైకెత్తి, తెరిచి ఉండగానే ముంతను జెంజి చేతుల్లో పెట్టింది.

*

ఆదివారం గంటలు ఆగేలోపే బల్ల నిండింది. జెంజి ముందు ఏడో ముంత తెచ్చి లోరెంజ్ చోటులో పెట్టింది. ఖాళీ ముంత, మూత తెరిచి ఉంది. తర్వాత మిగిలిన ఆరూ నింపి తెచ్చి ఎవరివి వాళ్ల ముందు పెట్టింది.

ఇదేంటి, నింపన్నా నింపు, తీసన్నా తియ్యి అన్నాడు ఇగ్నాజ్. ప్రష్యా ఆవిడ ఇవాళ కూడా వేంచేస్తోందా అని ఒకడు కిసుక్కుమన్నాడు. జెంజి పళ్లెం చంకలో పెట్టుకుని నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బల్ల దగ్గర ఆమె ఆర్డరు తీసుకోవడానికి తప్ప నిలబడలేదు.

"ఆవిడ రాదు. ఆవిడకి మూత సంగతి తెలుసు. పక్కవాడు మూసే సంగతి కూడా తెలుసు, లోరెంజ్ చెప్పాడు. ఎవరు మూస్తారా అని నాలుగు ముంతలు చూసింది."

అంతే చెప్పింది. గొంతు పెంచలేదు. పక్క బల్లల వాళ్లకు వినిపించి కూడా ఉండదు.

ఇగ్నాజ్ తాగబోయి, ముంత ఎత్తి, మళ్లీ దించాడు. గిన్నెలో సాసేజీలు ఉబ్బి పగులుతున్నా ఎవరూ తియ్యలేదు. కాసేపటికి అవతలి వైపు ఒకడు సగం తాగిన ముంత మూత మూశాడు. తర్వాత ఇంకొకడు. టక్కు, టక్కుమని ఒక్కొక్కటే పడ్డాయి. ఇగ్నాజ్‌ది చివర్లో పడింది. టోపీ తీసుకుని, ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు ఆ బల్ల మీద రెండో ముంత ఎవరూ అడగలేదు.

పన్నెండు గంటలు కొట్టేటప్పటికి కొర్బీనియన్ ఒక్కడే మిగిలాడు. అతని ముఖం బూడిదలా ఉంది. ఎదురుగా చూడకుండా, కుడి చెయ్యి బల్ల మీద నెమ్మదిగా జరుపుకుంటూ పక్కనున్న ఖాళీ ముంత దాకా వెళ్లాడు. వేలు తెరిచిన మూతకు తగిలింది.

"వద్దు కొర్బీ," అంది జెంజి. "ఇది పోయిన ఆదివారం మూయాల్సింది. నువ్వూ, నేనూ."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. జెంజి ఆరు ముంతలూ ఎత్తుకుపోయి, మిగిలిన బీరు తొట్టిలో పారబోసి, కడిగి అరలో పెట్టింది. తడిగుడ్డతో తిరిగి వచ్చింది. బల్ల అంతా తుడిచింది. ఆ ముంత దగ్గరికి వచ్చేసరికి దాని చుట్టూ తుడిచి, దాన్ని మాత్రం ముట్టుకోలేక అలాగే వదిలేసింది.